ఖాళీ ఫారాల మీద ముద్ర

బిష్కెక్,
14 సెప్టెంబరు 2007

మామయ్యకు,

మీ మేనకోడలు కనిషాయ్ సలాం. పశువులూ ప్రాణాలూ క్షేమమేనా? అత్తయ్య మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తమ్ముడు కుబాత్ వేళకి తింటున్నాడా, లేక గుర్రం తిన్నాకే తాను తింటున్నాడా?

నేను క్షేమంగా చేరాను. క్షేమం అంటే కాళ్ళూ చేతులూ ఉన్నాయని. హాస్టలు గదిలో నలుగురం. అందరం ఊళ్ళలో ఏళ్ళ తరబడి దగ్గులూ కాన్పులూ చూసిన డాక్టర్లమే. మాలాంటి వాళ్ళని ఏడు నెలల్లో ఆటగాళ్ళ వైద్యులుగా తయారు చేస్తారట. ఇక్కడి వంటగది గురించి రాయను, మీరు ఉత్తరాలు భోజనం దగ్గర చదువుతారు.

మొదటి వారమే మమ్మల్ని కుస్తీ పోటీల తూకం దగ్గర నిలబెట్టారు. మామయ్యా, ఈ కుస్తీవాళ్ళు బరువు తగ్గడానికి ఏం చేస్తారో తెలుసా? రెండు రోజులు నీళ్ళు ముట్టరు. రబ్బరు సూట్లు తొడుక్కుని మెట్లెక్కి దిగుతారు. ఇక చెమట కూడా రానప్పుడు తలా ఒక సీసా పట్టుకుని కూర్చుని అందులో ఉమ్ముతారు. ఉమ్మి కూడా బరువేనట. గది నిండా ఇరవై మంది మగవాళ్ళు, చేతుల్లో సగం నిండిన సీసాలు, పుల్లటి వాసన. ఒకతను నా తెల్లకోటు చూసి తన సీసా నా చేతిలో పెట్టాడు. "డాక్టరమ్మా, కాస్త పట్టుకోండి, తూకం చూసుకుని వస్తా" అన్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. పదకొండేళ్ళలో నేను చూడని చీము లేదు, నెత్తురు లేదు. ఆ చేత్తో మాత్రం ఆ రోజు రొట్టె తినలేకపోయాను.

మా గురువు వలెంతిన్ అర్కాదియెవిచ్ అనే ముసలాయన పక్కనే ఉండి చూశాడు. "ఇది పుస్తకంలో ఉండదు, అందుకే ముందు చూపించా" అన్నాడు.

ఒక చిన్న పని. నర్సు బాక్తిగుల్ దగ్గర నేను సంతకం చేసి ముద్ర వేసిన ఖాళీ ఫారాలు నలభై వదిలి వచ్చాను. బడిపిల్లలూ, లైసెన్సు కావలసిన డ్రైవర్లూ ఒక్క డాక్టరు కాగితం కోసం డొలొన్ కనుమ దాటి వెళ్ళే బాధ తప్పుతుందని. దుబారా చేయవద్దని ఆమెకి చెప్పండి.

నన్ను ఈ చదువుకి పంపాలని జిల్లా ఆఫీసులో మీరు పట్టుబట్టి కూర్చున్న సంగతి మరచిపోను.

మీ కనిషాయ్


చోన్-సాయ్,
2 అక్టోబరు

అమ్మాయ్ కనిషాయ్,

పశువులు బాగున్నాయి, ప్రాణాలు కూడా. మీ అత్తయ్య మోకాళ్ళు మంచు ఎప్పుడు పడుతుందో చెప్పడం మొదలుపెట్టాయి. నీ ఉత్తరాన్ని వ్యాను డ్రైవరు టోపీలో పెట్టుకుని తెచ్చాడు, అందుకే జిడ్డుగా ఉంది.

ఉమ్మి సీసాల సంగతి చదువుతుంటే మీ అత్తయ్య టీ గిన్నె పక్కన పెట్టేసింది. నాకు మాత్రం జాలేసింది. నేల మీద ఒకర్నొకరు కౌగిలించుకుని పొర్లేవాళ్ళు ఉమ్ముకోక ఏం చేస్తారు? మన ఉలాక్ ఆటలో తూకం వేసేది మేకని. తలా కాళ్ళూ తీసేశాక ముప్పై రెండు కిలోలు. పరుగెత్తే గుర్రం మీద నుంచి వంగి ఆ కళేబరాన్ని ఎత్తి, అవతలి నలుగురూ మీద పడుతుంటే తీసుకెళ్ళి మట్టి గోలులో పడేసేవాడికి సీసాలు దేనికి?

ఆదివారం పక్క ఊరి మీద ఏడు–మూడుతో గెలిచాం. అందులో నాలుగు కుబాత్‌వి. మధ్యలో రెండు గుర్రాల నడుమ పడిపోయాడు, గిట్ట తలకి తగిలింది. టీ చల్లారేంత సేపు పడుకున్నాడు. మొహాన పులిసిన గుర్రపు పాలు చల్లితే లేచాడు. లేచి "మన గోలు ఎటు?" అని అడిగాడు, అందరం నవ్వాం. అటు తిప్పి పంపితే మరో రెండు వేశాడు. మీ అమ్మ ఉంటే చూసి పొంగిపోయేది.

చదువు పూర్తి కాకముందే అడుగుతున్నాననుకోకు. దెబ్బ మీద కొడితే మొద్దుబారిపోయే చల్లటి మందు డబ్బాలు ఉంటాయటగా, ఓ అరడజను పంపు. పడ్డవాణ్ణి నిలబెట్టే ఇంజెక్షను ఏదైనా ఉంటే అదీ నేర్చుకో. జిల్లాలో ప్రతి జట్టుకీ జోస్యం చెప్పేవాడున్నాడు, సొంత డాక్టరు మాత్రం ఎవరికీ లేడు. నిన్ను పంపింది అందుకే.

మీ మామయ్య తొక్తోర్‌బాయ్


బిష్కెక్,
11 అక్టోబరు

మామయ్యకు,

క్షేమసమాచారాలు తర్వాత అడుగుతాను.

టీ చల్లారేంత సేపు అని రాశారు. ఏ టీ? పెద్ద గిన్నెలోదా, చిన్న గిన్నెలోదా? నేను నిమిషాలు అడుగుతున్నాను. వాడు మన గోలు ఎటు అని అడిగితే మీరంతా నవ్వారట. ఆ నవ్వు తలచుకుంటే నాకు రోత పుడుతోంది. మీకు కోపం వచ్చినా సరే. ఆట చూసే ఆ గట్టు మీద నిలబడి మీతో పాటు నేనూ నవ్వినదాన్నే, అందుకే ఇంకా రోతగా ఉంది. అప్పుడు కూడా డాక్టర్నే.

తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పితే మెదడు లోపల కమిలిందని అర్థం. పైకి బొప్పి కూడా ఉండకపోవచ్చు. మూడు వారాలు కుబాత్ గుర్రం ఎక్కకూడదు. తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఇంకా ఎక్కువ రోజులు. పొద్దున్నే వాణ్ణి మూడు ప్రశ్నలు అడగండి: ఇవాళ ఏ వారం, నిన్న ఏం తిన్నావు, కిందటి ఆట ఎవరితో. జవాబులు రాసి పంపండి. ఈలోగా మళ్ళీ దెబ్బ తగిలితే లెక్క మొదటి నుంచి. మొదటిది మానకముందే రెండోది పడితే ఏమవుతుందో ఇక్కడ మాకు చూపించారు. మీకు రాయను.

చల్లటి మందు పంపను. నొప్పి చెప్పే మాట వినపడకుండా చేసి మనిషిని మళ్ళీ తొక్కిసలాటలోకి తోయడం వైద్యం కాదు, మోసం.

కనిషాయ్


చోన్-సాయ్,
5 నవంబరు

అమ్మాయ్,

నువ్వు అడగకపోయినా చెబుతున్నాను, పశువులు క్షేమం.

ఇరవై ఆరేళ్ళ మగాణ్ణి పట్టుకుని ఇవాళ ఏ వారం అని అడగమన్నావు. నేను అడగలేదు. అడిగితే నాకు పిచ్చెక్కిందనుకుంటాడు. ఆ మాటకొస్తే నాకే ఏ వారమో తెలియదు, కొండ మీద వారాలతో పనేముంది? తలనొప్పి ఉందా అంటే లేదన్నాడు. వాంతి లేదు. ఇరవై ఒక్క రోజులు ఆట మాన్పించాను. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను, కావాలంటే మీ అత్తయ్యని అడుగు. నడుమ ఒకసారి కొండ మీది మేత నుంచి గుర్రాల్ని దింపుకొచ్చాడు. అది పని, ఆట కాదు కదా. దారిలో మంచు మీద వాడి ఎర్రగుర్రం జేర్దె జారి ఇద్దరూ దొర్లారు. దేవుడి దయవల్ల గుర్రానికేం కాలేదు.

ఇక నువ్వు బెంగపడక్కర్లేదు. ప్రాంతపు పోటీలకి డాక్టరు కాగితం తప్పనిసరి అన్నారు, తీసుకున్నాం. ఆ డాక్టరు మంచి పేరున్న మనిషి, మహా కఠినం. తల, గుండె, కళ్ళు అన్నీ సవ్యంగా ఉన్నాయని రాసి ఉంది.

చల్లటి మందు మోసమన్నావు. ఊరంతా సంతకాలు పెట్టి నిన్ను పంపింది ఆటగాణ్ణి నిలబెడతావని. పడుకోబెట్టడానికి మీ అత్తయ్య చాలదూ?

తొక్తోర్‌బాయ్


బిష్కెక్,
25 నవంబరు

మామయ్యకు,

డాక్టరు చూశాడని చదివాక మంచం మీద కూర్చుండిపోయాను. నెల రోజులుగా నిద్ర లేదు నాకు. ఎవరాయన? నారిన్ ఆస్పత్రిలో కొత్తగా ఎవరైనా వచ్చారా? పేరు రాయండి. మనిషిని కూర్చోబెట్టి, తలా గుండే కళ్ళూ చూసి సంతకం పెట్టే డాక్టరు ఇంకా ఉన్నాడంటే ఆ చేతులు ముద్దు పెట్టుకోవాలనిపిస్తోంది. ఈ వారమే ఆ నమ్మకం పోగొట్టుకున్నాను.

ఇక్కడ ఒక పెద్ద పోటీకి ముందు ఫిట్‌నెస్ కాగితాలు ఇచ్చే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. నూట ఎనభై మంది, ఒక గంట. నేను మొదటివాడి చొక్కా ఎత్తి ఊపిరి తీసుకోమన్నాను. అతను వెనక్కి తిరిగి వరసలో వాళ్ళతో "ఒరేయ్, ఈవిడ నిజంగా చూస్తోంది, పక్క బల్లకి పదండి" అన్నాడు. అందరూ పక్క బల్లకి పోయారు. అక్కడి డాక్టరు ఒక చేత్తో ఉడికిన గుడ్డు తింటూ రెండో చేత్తో ముద్రలు వేస్తున్నాడు. తలెత్తి ఎవరి మొహమూ చూడలేదు. కాగితాల మీద పచ్చసొన అంటుకుని ఉంది. అది చూడలేక బయటికి వచ్చేశాను.

జేర్దె జారినప్పుడు కుబాత్ తల నేలకి తగిలిందా? గుర్రం సంగతి రాశారు, వాడి సంగతి రాయలేదు. తగిలి ఉంటే లెక్క మళ్ళీ మొదటి నుంచి. ఆ డాక్టరుకి ఈ రెండో పడడం గురించి చెప్పారా? ఆయనకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి.

కనిషాయ్


చోన్-సాయ్,
12 జనవరి 2008

అమ్మాయ్ కనిషాయ్,

నెల పైగా మూసుకుపోయిన కనుమ మొన్ననే తెరుచుకుంది. నీ ఉత్తరం కనుమ అవతల చాయ్ దుకాణంలో పడి ఉండి నిన్న చేరింది. కరెంటు రోజుకి మూడు గంటలు. రెండు గొర్రెలు చలికి పోయాయి. మనుషులం ఉన్నాం.

నీ ఉత్తరం పొయ్యి దగ్గర పైకి చదివి వినిపిస్తే అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ కఠినమైన డాక్టరు ఎవరని అడిగావు. నువ్వేనమ్మా. బాక్తిగుల్ దగ్గరి ఫారం తీసుకుని మీ అత్తయ్య చేత మంచి దస్తూరీలో నింపించాను. రక్తపోటు నూట ఇరవై, ఎనభై అని రాశాం. నువ్వు అందరికీ అదే కదా రాసేది. నీ చేతులు నువ్వే ముద్దు పెట్టుకో, నీ కృతజ్ఞతలు నువ్వే పుచ్చుకో.

జట్టుకి ఏడు వాడాం, ఊరివాళ్ళకి పదిహేడు అయ్యాయి. ఇంకా పదహారు ఉన్నాయి, దుబారా ఏం లేదు. ప్రాంతపు పోటీల్లో గెలిచాం. మార్చిలో నవ్రూజ్ పండగ నాడు ఫైనల్. కుబాత్ డిసెంబరులో ఇంకోసారి పడ్డాడు, లేచాడు. వాడు లేచిన ప్రతిసారీ గట్టు మీద జనం ఎలా అరుస్తారో నువ్వు వినాలి.

ఇప్పుడు నువ్వు కాగితం రద్దు చేస్తానని గంతులేస్తావని తెలుసు. చేసుకో. కనుమ అవతల ముద్రలకి కొదవ లేదు, నీ గుడ్డు తినే డాక్టరు ఒక్కడు చాలడూ?

మీ మామయ్య


బిష్కెక్,
30 జనవరి

మామయ్యకు,

ఆ నలభై ఫారాలు నేను ఎలా సంతకం చేశానో ఇవాళంతా గుర్తు చేసుకున్నాను. ప్రయాణానికి ముందు రోజు, పొయ్యి మీద రొట్టెలు కాలుతుండగా. మధ్యలో లేచి రొట్టె తిప్పి వచ్చి మళ్ళీ ముద్ర వేశాను. రెండు ఫారాలకి పిండి అంటితే చేత్తోనే దులిపాను. అలాంటిదాన్ని ఇక్కడికొచ్చి పచ్చసొన చూడలేక బయటికి వచ్చేశానని మీకు రాశాను. ఆ గుడ్డు తినేవాడికి కనీసం ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నాకు అదీ లేదు. నా మీద నాకు కలిగిన ఏవగింపు ఏ మాటలో రాయాలో తెలియడం లేదు.

వలెంతిన్ అర్కాదియెవిచ్‌కి అంతా చెప్పాను. జిల్లా ఆఫీసుకి కూడా నా ఫారాలన్నీ రద్దు చేయమని, తప్పు నాదేనని రాశానని చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"తమ్ముడు ఎన్నిసార్లు పడ్డాడు?"

"నాకు తెలిసి మూడు."

"మరి కాగితాల గురించి ఏడుస్తావేంటి? కాగితం చూసి గుర్రం దిగినవాణ్ణి నేను నలభై ఏళ్ళలో చూడలేదు. ఏం చేస్తే దిగుతాడో నీకే తెలియాలి, మీ ఇంటివాడు కదా" అన్నాడు.

తెలుసు. డాక్టరు మాట మీ ఇంట్లో చెల్లలేదు, అందుకని మీ చెల్లెలి కూతురిగా అడుగుతున్నాను. మేనమామ ఇంట్లో చెల్లెలి బిడ్డ మూడుసార్లు ఏది కోరినా ఇచ్చి తీరాలి, కాదంటే మేనమామ చేతులు వణుకుతాయి అని అమ్మ చెప్పేది. మగపిల్లలందరూ పొట్టేళ్ళూ కొరడాలూ అడిగి పట్టుకుపోయారు. ముప్పై నాలుగేళ్ళలో నేను ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు మూడూ ఒకేసారి అడుగుతున్నాను.

జేర్దె. జేర్దె. జేర్దె.

నవ్రూజ్ కన్నా ముందే దాన్ని కోచ్‌కోర్‌లో నాతో చదివే బురుల్ అత్తవారింటికి చేర్చండి. చిరునామా వెనక రాశాను. ఆ గుర్రాన్ని ఆటకి మలచడానికి మీకు ఆరేళ్ళు పట్టింది. వేరే గుర్రం మీద కుబాత్ బరిలోకి దిగడు, ఫైనల్ ముందు ఆట గుర్రాన్ని అరువిచ్చేవాడు మన జిల్లాలో లేడు. ఇది నాకు మీరు నేర్పిందే.

మీ చెల్లెలి కూతురు


చోన్-సాయ్,
24 ఫిబ్రవరి

గుర్రాన్ని పంపాను.

తప్పించుకునే దారి ఉందా అని ముగ్గురు పెద్దల్ని అడిగాను. లేదన్నారు. అందులో ఒకాయన "ఆడపిల్ల అడగకూడదని ఎక్కడుందయ్యా తొక్తోర్‌బాయ్, ఇచ్చెయ్" అని నవ్వాడు కూడా. జీను ఇవ్వలేదు. జీను నువ్వు అడగలేదు.

ఇప్పటిదాకా ఈ ఆచారాన్ని లేనివాళ్ళు వాడుకున్నారు, ముచ్చటపడ్డ పిల్లలు వాడుకున్నారు. సొంత తమ్ముణ్ణి నేల మీద కూలేయడానికి వాడుకున్నదానివి నువ్వే. నిన్ను తలచుకుంటే నాకు అసహ్యం. కుబాత్ నాతో మాట్లాడటం లేదు. నేనే పంపించేశానని కుర్రాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. మిగిలిన పదహారు ఫారాల్నీ బాక్తిగుల్ ఏడుస్తూ పొయ్యిలో వేసింది. నీకు సంతోషమేగా.

ఇక ఉత్తరాలు రాయకు.


బిష్కెక్,
6 మార్చి

మామయ్యా,

రాయవద్దన్నారు. కొంచెమే రాస్తాను. జేర్దె కోచ్‌కోర్ చేరింది, మేత తింటోంది. జిల్లావాళ్ళు ఏడాది పాటు నా ముద్ర లాక్కున్నారు. చదువు మాత్రం పూర్తి చేయనిస్తారట. ఆటగాళ్ళ వైద్యమంతా నేర్చుకుని ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేని డాక్టరు ఈ ఏడు నేనొక్కదాన్నే.

నా మీద అసహ్యం అలాగే ఉండనివ్వండి. ఆ మూడు ప్రశ్నలు మాత్రం వాణ్ణి ఒక్కసారి అడగండి.

కనిషాయ్


చోన్-సాయ్,
23 మార్చి

అమ్మాయ్ కనిషాయ్,

మనవాళ్ళు ఓడిపోయారట, తొమ్మిది–రెండు. నేను ఆటకి వెళ్ళలేదు.

నవ్రూజ్ నాడు పొద్దున కుబాత్ కొట్టంలోకి వెళ్ళి బయటికి వచ్చాడు. "మామయ్యా, జేర్దె ఏది?" అన్నాడు. నన్ను దెప్పుతున్నాడనుకున్నాను. ఫిబ్రవరిలో కళ్ళెం పట్టుకుని దాన్ని వాకిలి దాకా నడిపించి పంపింది వాడే. "మీ అక్క తీసుకుంది కదరా" అన్నాను. "అక్కా? అక్కకి గుర్రం ఎందుకు?" అన్నాడు. చెప్పాను. సరేనన్నాడు. కూర్చుని టీ తాగాడు. లేచి కొట్టంలోకి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. అదే మొహం, అదే గొంతు. "మామయ్యా, జేర్దె ఏది?"

మధ్యాహ్నానికి అయిదుసార్లు అడిగాడు. మూడోసారి కసిరాను. నాలుగోసారి నేను నోరు తెరిచేలోగా మీ అత్తయ్య పిండి చేతులతోనే వచ్చి నా నోరు మూసింది. "చలికాలమంతా వాడు ఒక్కో మాట రెండేసి సార్లు అడుగుతూనే ఉన్నాడు. మీరు ఎప్పుడు విన్నారు గనక" అంది. ఇంట్లో ఉన్నవాణ్ణి నేను చూడలేదు, గట్టు మీద నుంచి ఆటగాణ్ణే చూశాను.

నీ ప్రశ్నలు అడిగాను. జవాబులు రాయమన్నావు, రాస్తున్నాను. ఇవాళ ఏ వారమో తెలియదన్నాడు. నిన్న ఏం తిన్నావంటే నవ్వాడు. కిందటి ఆట ఎవరితో అంటే పక్క ఊరితో అన్నాడు, నాలుగు గోల్స్ వేశానన్నాడు. అది సెప్టెంబరు ఆట.

వాడు పడి లేచిన ప్రతిసారీ చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. ఆ చేతులతోనే ఇది రాస్తున్నాను. వీటిని చూసుకుంటే నాకు అసహ్యం వేస్తోంది. నీ ఫారం మీద అన్నీ సవ్యంగా ఉన్నాయని రాయించినప్పుడు వాడు పక్క గదిలోనే ఉన్నాడు, పిలిచి చూసే పని కూడా పెట్టుకోలేదు.

బుధవారం వ్యానులో వాణ్ణి తీసుకుని వస్తున్నాం. మీ ముసలాయనకి చూపించు. సంతకం ఎవరిదైనా కానీ, చూడటం మాత్రం నువ్వు చూడు. వాడు బాగవుతాడో లేదో నాకు అక్కడే చెప్పు, ఉత్తరంలో వద్దు.

దారిలో కోచ్‌కోర్‌లో ఆగి గుర్రాన్ని చూపించమంది మీ అత్తయ్య. చూపిస్తాను. చూశాక కూడా బిష్కెక్ దాకా అడుగుతూనే ఉంటాడేమో. అడిగిన ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే చెబుతాను.

మామయ్య